ధర్మాసుపత్రి ఖర్చు ఎవరిది? మద్రాసు ప్రెసిడెన్సీలో ఆరోగ్య వ్యయ విభజన (1870–1939)

కోస్తా, రాయలసీమ జిల్లాల వాడుకలో ప్రభుత్వ వైద్యశాలకు ‘ధర్మాసుపత్రి’ అన్న పేరు చాలాకాలం నిలిచింది. రోగి అక్కడ డబ్బు ఇవ్వనక్కరలేదు కాబట్టి అది ధర్మం. అయితే పందొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాల్లో మద్రాసు ప్రెసిడెన్సీ గ్రామసీమల్లోని డిస్పెన్సరీలు అనేకం ‘లోకల్ ఫండు’ పద్దు మీద నడిచాయి. ఆ నిధికి ప్రధానాధారం శిస్తుతోపాటు వసూలు చేసిన సెస్సు. రైతు ముందే సొమ్ము కట్టిన సేవకు ధర్మమన్న పేరు ఎలా వచ్చింది? భారత ప్రభుత్వం, రాష్ట్రం, జిల్లా అనే మూడు అంచెల మధ్య ఆరోగ్య వ్యయభారం ఎలా చేతులు మారింది? ఈ వ్యాసం పరిశీలించేది ఈ రెండు ప్రశ్నలనే. నిజాం పాలనలోని తెలంగాణ జిల్లాల చరిత్ర వేరు కనుక దాన్ని ఇక్కడ స్పృశించడం లేదు.

1870 డిసెంబరులో వైస్రాయి మేయో ప్రభుత్వం వైద్యం, విద్య, రోడ్లు, పోలీసు మొదలైన శాఖలను రాష్ట్రాలకు అప్పగించింది. వాటితోపాటు ఒక స్థిరమైన గ్రాంటు ఇచ్చింది గాని, అది అంతవరకు అయిన ఖర్చు కంటే తక్కువ. లోటును రాష్ట్రాలు పొదుపుతోనో స్థానిక పన్నులతోనో పూడ్చుకోవాలి. మరుసటి ఏడాదే మద్రాసులో స్థానిక నిధుల చట్టం వచ్చింది. రోడ్లు, బడులు, డిస్పెన్సరీలు, టీకాలు, పారిశుద్ధ్యం స్థానిక నిధి బాధ్యతలయ్యాయి. 1884 చట్టం జిల్లా బోర్డులను, తాలూకా బోర్డులను ఏర్పరచింది. 1882 నాటి రిప్పన్ తీర్మానాన్ని స్వపరిపాలనకు తొలి మెట్టుగా మన పాఠ్యగ్రంథాలు కీర్తిస్తాయి. అది అసత్యం కాదు. కాని ఆ మెట్టు కింద పన్నెండేళ్ల ముందే వేసిన పునాది లోటు బడ్జెట్టుది.

ఈ ఏర్పాటులో ఒక అంతర్గత వైరుధ్యం ఉంది. సెస్సు భూమిని అంటిపెట్టుకున్నది. వానలు లేక శిస్తు వసూలు పడిపోయిన ఏడాది సెస్సూ పడిపోతుంది. కలరా, మశూచి, జ్వరాలు విజృంభించేదీ ఆ ఏడాదే. 1876–78 నాటి కరవు బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలను కుదిపివేసింది (అనంతపురం అప్పటికి బళ్లారిలో భాగమే). అప్పటి మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిష్, కరవు పనుల కూలీలకు రిచర్డ్ టెంపుల్ నిర్ణయించిన తిండి కొలత ప్రాణం నిలపడానికి చాలదని గట్టిగా వాదించాడు. ఆయన పదవికి ఉన్నది ప్రధానంగా తనిఖీ చేసి సలహా చెప్పే అధికారమే. స్థానిక నిధి పద్దులు ఆయన చేతిలో లేవు.

1919 చట్టం వైద్యం, ప్రజారోగ్యం, స్థానిక స్వపరిపాలనలను మంత్రుల చేతికిచ్చి, ఆర్థిక శాఖను గవర్నరు కార్యనిర్వాహక మండలి కింద అట్టిపెట్టింది. స్థానిక స్వపరిపాలన మంత్రిగా ఉన్న పానగల్లు రాజా రామరాయణింగారు పని మొదలుపెట్టినది ఇటువంటి ఖజానాతోనే. పైగా మెస్టన్ ఏర్పాటు కింద రాష్ట్రాలన్నీ కేంద్రానికి ఏటా కట్టవలసిన 983 లక్షల రూపాయల్లో మద్రాసు వాటా 348 లక్షలు, అంటే మూడోవంతుకు పైమాటే. బొంబాయి వాటా 56 లక్షలు, బెంగాలుది 63 లక్షలు. జస్టిస్ పార్టీ పాలనలో ఆరోగ్య రంగం ఎంత ఎదిగింది, ఎంత ఎదగలేదు అని తూచేవారు ఈ అంకెను పక్కన పెట్టుకోకపోతే ఆ తూకం సరిరాదు. ఈ చెల్లింపులు 1928–29 నాటికి గాని పూర్తిగా రద్దుకాలేదు.

రాజాజీ మంత్రివర్గంలో టి.ఎస్.ఎస్. రాజన్ ఆరోగ్య మంత్రిగా ఉండగా వచ్చిన 1939 మద్రాసు ప్రజారోగ్య చట్టం దేశంలో ఈ రంగానికి తొలి సమగ్ర చట్టం. ప్రభుత్వ గ్రాంట్లు మినహా మిగిలిన ఆదాయంలో పురపాలక సంఘాలు 30 శాతానికి, జిల్లా బోర్డులు 12½ శాతానికి తగ్గకుండా ప్రజారోగ్యానికి కేటాయించాలని అది శాసించింది. 1946లో భోర్ కమిటీ ఇదే నిష్పత్తిని దేశమంతటికీ సిఫారసు చేసింది. నిబంధన మేలైనదే, ఆరోగ్యాన్ని బోర్డు సభ్యుల దయాదాక్షిణ్యాలకు వదలలేదు. అయితే ఆ శాతం కట్టిపడేసినది స్థానిక సంస్థను మాత్రమే. రాష్ట్ర ప్రభుత్వం ఎంత ఇవ్వాలో చెప్పే శాతం దానికి జోడీగా లేదు. దీని ఫలితం జిల్లాకొక తీరుగా ఉంటుంది. ఉదాహరణకు, సొంత ఆదాయం ఎనిమిది లక్షలున్న బోర్డు లక్ష రూపాయలు కేటాయిస్తే, రెండు లక్షలున్న బోర్డు పాతికవేలతో చట్టాన్ని అక్షరాలా పాటించినట్టే. భూమి విలువను బట్టి సెస్సు వచ్చేచోట కాలువల కింది మాగాణి బోర్డుకూ మెట్టసీమ బోర్డుకూ తేడా ఇదే. అవసరం మాత్రం తరచు తలకిందులుగా ఉండేది.

రాజ్యాంగం ప్రజారోగ్యాన్ని, ఆసుపత్రులను రాష్ట్ర జాబితాలో ఉంచింది. 73వ సవరణతో చేరిన పదకొండో షెడ్యూలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలతో సహా వాటిని పంచాయతీలకు అప్పగించదగిన అంశాల్లో చేర్చింది. అప్పగించడం, మానడం రాష్ట్ర శాసనసభ ఇష్టం. పదిహేనో ఆర్థిక సంఘం 2021–26 కాలానికి స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 70,051 కోట్ల రూపాయల గ్రాంటు సిఫారసు చేసింది. మేయో నాడు భారం కిందికి దిగిన దారినే ఈసారి సొమ్ము దిగింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యుణ్ణి నియమించే అధికారం ఇప్పటికీ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖదే.