మంజీర పడమటి ఒడ్డున కాలగణన: సగరోళి

మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా బిలోలి తాలూకాకు చెందిన సగరోళి, మంజీర నది తెలంగాణకు సరిహద్దుగా సాగే మేరలో, ఆ నదికి పడమటి వైపున నల్లరేగడి మైదానంలో ఉన్న గ్రామం. ఈ ఊరి చరిత్రను పాలకుల వరుసగా చెప్పవచ్చు గాని, పాలన మారినప్పుడల్లా కాలాన్ని లెక్కించే పద్ధతి ఎంత మారింది, ఎంత మారలేదు అని చూసినప్పుడే ఇక్కడి సేద్యమూ సంస్కృతీ ఎక్కువ స్పష్టంగా కనబడతాయి.

ఈ ఊరు ఒకప్పుడు భాగమైన నిజాం రాజ్యంలో సర్కారు లెక్కలన్నీ ఫసలీ సంవత్సరంలో నడిచేవి. 'ఫసల్' అంటే పంట. పంట చేతికొచ్చే కాలానికి శిస్తు వసూలును ముడిపెట్టడానికి మొగలుల నాడు ఏర్పడిన ఈ సౌరశకం దక్కనులో క్రీస్తు శకానికి సుమారు 590 ఏళ్లు వెనుక నడుస్తుంది. హైదరాబాదు సర్కారు ఆ సంవత్సరాన్ని అక్టోబరు తొలివారంలో, ఆజర్ అనే పారశీక పేరుగల నెలతో మొదలుపెట్టేది. అందుచేత 1948 సెప్టెంబరులో భారత సైన్యం ప్రవేశించి నిజాం పాలన ముగిసిన నాటికి కచేరీ కాగితాల మీద నడుస్తున్నది 1357 ఫసలీ. తెలంగాణలో నేటికీ భూవివాదాలు వచ్చినప్పుడు బయటికి తీసే 1954-55 నాటి ఖాస్రా పహాణీ, అంటే సర్వే నంబరు వారీగా పట్టాదారునూ సాగుదారునూ చూపిన పత్రం, 1364 ఫసలీకి చెందినది. మరాఠ్వాడాలోనూ అదే కాలపు ఖాస్రా పత్రకం ఉంది. రెండు రాష్ట్రాల రెవెన్యూ దఫ్తరాలకు తాత ఒక్కడేనన్నమాట.

ఊళ్లో రైతు మాత్రం ఆజర్‌ను ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు. అతని లెక్క కార్తెలది. సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజుల వ్యవధిని తెలుగువారు కార్తె అంటే, మరాఠీవారు నక్షత్రమనే అంటారు. జూన్ తొలివారం చివర వచ్చే మృగశిరను తెలంగాణ రైతు 'మిరుగు' అని, మరాఠీ రైతు 'మృగ్' అని పిలిచినా, జొన్న, పత్తి, కంది విత్తడానికి ఇద్దరూ ఎదురుచూసేది ఆ వానకే. తొలకరి తడికి చేలల్లో పైకొచ్చే ఎర్రని మఖమల్ పురుగును తెలుగులో ఆరుద్ర పురుగు అంటారు, మరాఠీలో మృగాచా కిడా అంటారు. ఒకే పురుగుకు ఒక భాష ఒక కార్తె పేరు పెడితే, రెండో భాష దాని పక్క కార్తె పేరు పెట్టింది. పండుగల లెక్కా ఇటువంటిదే: అమావాస్యతో నెల ముగించే చాంద్రమానమూ శాలివాహన శకమూ రెండు భాషలవారికీ ఉమ్మడి సొత్తు కాబట్టి ఉగాదీ గుడీపాడ్వా ఒకే రోజున వస్తాయి. ఎద్దుల పండుగ దగ్గర మాత్రం దారులు వేరవుతాయి. తెలుగునాట ఏరువాక జ్యేష్ఠ పూర్ణిమకు సేద్యం మొదట్లో వస్తే, మరాఠ్వాడాలో పోళా శ్రావణ అమావాస్యకు, దుక్కి పనులు ఒక కొలిక్కి వచ్చాక వస్తుంది.

గడియారపు కాలం సంగతి వేరు. 1906 జనవరి 1 నుంచి అమలైన భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. సగరోళి సుమారు 77.7 డిగ్రీల దగ్గర ఉండటం వల్ల ఇక్కడి సూర్యుడు గడియారానికి సగటున 19 నిమిషాలు వెనుకబడతాడు. నవంబరు తొలివారంలో పన్నెండు దాటిన రెండు మూడు నిమిషాలకే నడినెత్తికొచ్చే సూర్యుడు, ఫిబ్రవరి నడిమికి పన్నెండున్నర దాటితే గాని రాడు. బొంబాయి నగరం ప్రామాణిక కాలానికి 39 నిమిషాలు వెనుకబడిన తన సొంత కాలాన్ని 1955 దాకా పట్టుకు వేలాడి, ఈ ఊరు బొంబాయి రాష్ట్రంలో కలవడానికి ఒక ఏడాది ముందే వదిలేసింది. అమెరికా మైదాన రాష్ట్రమైన కేన్సస్‌లో పడమటి కొసనున్న నాలుగు కౌంటీలు మిగతా రాష్ట్రానికి ఒక గంట వెనుక నడుస్తాయి. అక్కడ ఒకే రాష్ట్రానికి రెండు కాలాలు. మంజీర దగ్గర రెండు రాష్ట్రాలకూ ఒకటే కాలం.

రాష్ట్రాల గీత 1956 నవంబరు 1న పడింది. నాందేడ్ జిల్లా బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లినప్పుడు దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లనూ, ముథోల్, భైంసా, కుబేర్ సర్కిళ్లనూ తెలుగు వైపు ఉంచి, ఆదిలాబాదు జిల్లా కిన్వట్‌ను మరాఠీ వైపు ఇచ్చారు. భాషను బట్టి గీసిన ఆ గీతకు మరాఠీ వైపే మిగిలిపోయిన చాలా తెలుగు కుటుంబాల ఇంటిపేర్లు 'వార్'తో ముగుస్తాయి. ఇది తెలుగు 'వారు'కు మరాఠీ నోట మిగిలిన రూపం. చంద్రాపూర్ వైపు వినబడే మునగంటివార్, వడెట్టివార్ వంటి పేర్లూ ఆ కోవలోవే.

నీటి లెక్క అంత సమంగా జరగలేదు. సగరోళికి ఎగువన మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ రెండు లక్షల డెబ్బై అయిదు వేల ఎకరాల ఆయకట్టును ఉద్దేశించి కట్టినది. దాని కాలువ నదికి తూర్పున ఉన్న బోధన్, నిజామాబాదు వైపు సాగి అక్కడ వరినీ చెరకునూ పెంచింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడటానికి ఆధారం ఆ చెరకే. పడమటి ఒడ్డుకు మిగిలింది వాన మీద ఆధారపడిన పత్తి, జొన్న, కంది, తరువాత సోయా. వీటికి తోడు నదిలోని ఇసుక. 1959లో బాబాసాహెబ్ దేశ్‌ముఖ్ ఈ ఊళ్లో స్థాపించిన సంస్కృతి సంవర్ధన్ మండల్ బడులతో మొదలై వ్యవసాయం దాకా విస్తరించి కృషి విజ్ఞాన కేంద్రాన్ని నడపడం ఈ మెట్ట సేద్యపు నేపథ్యంలోనే అర్థమవుతుంది. బోధన్ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. మూడు నాలుగేళ్లకే నాందేడ్ జిల్లాలోనే ఉన్న ధర్మాబాద్ తాలూకా గ్రామాల వారు తమను తెలంగాణలో కలపాలని అడిగినప్పుడు వారు ముందుకు తెచ్చింది భాషను కాదు. సరిహద్దు అవతల రైతులకు అందుతున్న పెట్టుబడి సాయాన్నీ ఉచిత కరెంటునూ.