రేగడియు, ఎఱ్ఱనేలయు



మన సీమ రైతు నోటిమాట యొకటి భూగోళమంతటను తిరిగినది. అది 'రేగడి' యను మాట. ఇంగ్లీషువారు దానిని 'రేగర్' అనియు 'రెగుర్' అనియు పలికి తమ గ్రంథములకెక్కించిరి. నేటికిని భూమిశాస్త్ర గ్రంథములలో నల్లమట్టికి ఆ పేరు కానవచ్చుచున్నది. ఒక ప్రాంతపు పలుకు శాస్త్రమున పారిభాషికపద మగుట సామాన్యము కాదు. ఆ మాట వెనుక నున్న మన్ను మనకేమి చేసినది, మనచే నేమి చేయించినది అనునదియే నేటి ప్రసంగవిషయము.

నేలను గుణము చూచి పేరిడుట మన పూర్వులకు క్రొత్త కాదు. అమరసింహుడు తన నిఘంటువున భూమివర్గమును ప్రత్యేకముగ కూర్చి, సర్వసస్యములు పండునది ఉర్వర యనియు, చవుటినేల ఊషర మనియు, ఏటినీట పండు దేశము నదీమాతృక మనియు, వాననీట పండునది దేవమాతృక మనియు వేఱువేఱు నామములు చెప్పెను. బడిలో ఈ వర్గము చెప్పునపుడు నేను పిల్లలచేత నాలుగు చేల మన్ను తెప్పించి బల్లపై పెట్టించుచుంటిని. పదమును వల్లించుటకు ముందు పదార్థమును చేతబట్టవలెనని నా మతము. కోడుమూరు హంద్రి యొడ్డున నున్నను, మన సీమలో పెద్దపాలు దేవమాతృకమే. జిల్లా సగటు వాన ఏటికి సుమారు 26 అంగుళములు. అదియైనను నమ్మరానిది. కావున ఏ నేల ఎంత నీటిని ఎన్నినాళ్లు దాచుకొనగలదన్నదే ఇక్కడ బ్రతుకుతెరువు.

పాలకులు సైతము ఈ సంగతి నెఱిగి మన్ను రంగునుబట్టి శిస్తు కట్టిరి. 1800లో నిజాము దత్తమండలములను కుంఫిణీవారి కిచ్చినపుడు ఆదవాని సీమ వారి చేతికి వచ్చినది. కలెక్టరుగ వచ్చిన తామస్ మన్రో 1802లో పైమాయిషీ మొదలిడి, చేను చేనును కొలిపించి తరగతులు కట్టించెను. కర్నూలు నవాబు సీమ 1839లో కుంఫిణీ పాలనలోనికి వచ్చినది. 1858కి పిమ్మట మదరాసు ప్రభుత్వపు సెటిల్‌మెంటు ఉద్యోగులు నేలలను రేగడ, ఎఱ్ఱ, ఇసుక మున్నగు వర్గములుగ విభజించి, ఒక్కొక్క వర్గమున మరల బంకపాలు హెచ్చినది, గరపగ నున్నది, ఇసుకపాలు హెచ్చినది అని భేదము చేసి, దానినిబట్టి తరము నిర్ణయించిరి. మీ గ్రామపు పాత డైగ్లాటు దొరికిన విప్పి చూడుడు. సర్వే నంబరునకెదురుగ మన్ను వర్గమును, తరమును వ్రాయబడియుండును. రంగొకటి, గరుకుదనమొకటి: ఈ రెండే నాడు రైతు చెల్లింపవలసిన రూకలను తేల్చినవి.

ఇక నల్లరంగు ఎక్కడనుండి వచ్చినది? దీనిపై గొప్ప వాదము నడచినది. 1840ల దశాబ్దిలో కర్నూలున ఉద్యోగించిన కాప్టెన్ న్యూబోల్డు రేగడి నీటియడుగున పేరుకొన్న ఒండ్రు అని తలచెను. నల్లఱాయి యరిగి రేగడియైన దని మఱికొందఱు పండితులనిరి. దక్కనులో ఆ మాట చెల్లును. కాని ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతముల నేలయడుగున నున్నది నల్లఱాయి కాదు. గ్రానైటు జాతి ఱాయి. అదే ఱాతిపై మెరకన ఎఱ్ఱనేలయు, పల్లమున నల్లనేలయు ప్రక్కప్రక్కనే యున్నవి. దీనికి నేటి శాస్త్రము చెప్పు సమాధాన మిది. మెరకనేలలో వాననీరు క్రిందికి, ప్రక్కలకు జారిపోవును, గాలి సోకును, ఱాతిలోని యినుము త్రుప్పువలె మాఱి మన్ను కెంజాయ దాల్చును. పల్లమున నీరు నిలుచును. పైనుండి కొట్టుకొనివచ్చిన సున్నపుపాలు చేరును. అక్కడ నీటికి ఉబ్బు స్వభావము గల సన్నని బంక పుట్టును. రేగడిలో కుళ్లిన ఆకుఅలముల పాలు నూటికొక వంతైనను తఱచుగ నుండదు; ఆ కొంచెమే బంకను గట్టిగ నంటుకొని మన్నును నలుపు చేయును. కావున నలుపు చూచి యెరువు సమృద్ధిగ నున్నదని యెంచరాదు. రంగు ముఖ్యముగ నీటి నడక నెఱిగించును.

గరుకుదన మంతకంటె ముఖ్యము. ఇసుకరేణువు కంటికి కనబడును. బంకరేణువు మిల్లీమీటరులో అయిదువందలవ వంతుకంటె చిన్నది. రేగడిబంక పొరలు పొరలుగ నుండి, పొరల నడుమకు నీరు చొచ్చినపుడు ఉబ్బును. ఎండినపుడు ముడుచుకొని నెఱ్ఱెలు విచ్చును. వేసవిలో మన పొలముల నెఱ్ఱెలలో ముల్లుగఱ్ఱ దిగిపోవుట మీరెల్లరు చూచినదే. పైమన్ను ఆ నెఱ్ఱెలలో పడి, వానకు లోపలిది ఉబ్బి పైకి వచ్చును. నేల తన్ను తానే తిరుగవేసికొనును. అందుచేతనే రేగడిలో కట్టిన గోడ బీటలు వాఱును. మీటరు లోతు గల మంచి రేగడి పైరునకందు నీటిని 150 నుండి 200 మిల్లీమీటర్ల వఱకు దాచుకొనగలదు. భాద్రపద, ఆశ్వయుజముల వానతో తడిసిన చేలో జొన్నయు, శనగయు మంచునకే పండుట ఈ నిలువ మూలముననే. కాని తడిసిన రేగడి కాలు పెట్టనీయదు, ఎండిన రేగడి మడక దిగనీయదు. నడుమ పదునుదినములు కొన్నియే.

ఎఱ్ఱనేల వేఱు స్వభావము గలది. చినుకు పడగానే పదునగును, తొందరగ విత్తనీయును. వేరుసెనగ ఊడలు సులువుగ దిగును, కాయ సులువుగ పెఱికివచ్చును. అయితే పది పదునైదు దినములు వాన వెనుదీసెనా, పైరు వాడును. పైగా వాన వెలిసి యెండ కాయగనే పైన పెళుసు కట్టి మొలకను అణచును. అందుచేత పైపొరను గుంటకతో కదలించుచుండవలెను.

ఈ భేదమును గమనింపక పెద్దలే పొరబడిన చరిత్ర మన ముంగిటనే గలదు. మదరాసు ఇరిగేషన్ కంపెనీవారు 1860ల దశాబ్దిలో సుంకేసుల యొద్ద ఆనకట్ట కట్టి కర్నూలు-కడప కాలువ త్రవ్వించిరి. నీరు వచ్చినచో రైతులు ఎగబడుదురని తలచిరి. కాని రేగడి రైతు మంచి వానలున్న యేడు కాలువనీరు తీసికొనలేదు. రేగడిలో వానకే జొన్నయు ప్రత్తియు పండుచుండగ, నీరు పెట్టి నేలను బురద చేసికొనుటకు రుసు మెందుకని వాని తర్కము. 1876-78 కాటకమున మాత్రము ఆ నీరే ప్రాణాధారమైనది. కంపెనీ నిలువలేకపోయెను, 1882లో ప్రభుత్వము కాలువను కొనెను. రైతును మూఢుడనిన వారు ఆతని మన్నును చేతబట్టి చూడలేదు.

తుంగభద్ర కట్టునాటికి కొంత తెలివి కలిగినది. నల్లనేలకు తేలికతడియే మేలని యెంచి, ఏ సర్వే నంబరున ఏ పైరు వేయవలెనో ముందుగనే నిర్ణయించిరి. 1953లో నీరు వదలిన పిదప కాలువ పైభాగమున వరి పెరిగినది. చివరి చేలకు నీరు సన్నగిల్లినది. నీరు నిలిచినచోట చౌడు పైకెక్కినది. పైన తెల్లగ నుప్పు పొంగినది పాలచౌడు; దానికి నీటితో కడిగి దారి చూపిన చాలును. నల్లగ జిగటయై నీరింకనిది కారుచౌడు. దానికి జిప్సము వేయక తప్పదు. కారుచౌడు నీరింకనీయదు గనుకనే మన పెద్దలు మిద్దెలపై చవుటిమన్ను పఱచిరి. చేలో పైరును చంపు గుణమే ఇంటికప్పును కాచినది. దోషము మన్నులో లేదు, చోటులో నున్నది.

కావున నేల కొనునపుడును, బోరు నీరు పాఱించునపుడును, బిడ్డలకు పాలు పంచునపుడును, అడుగు లోతున నొక పిడికెడు మన్ను తీసి, తడిపి, అరచేతిలో నులుముడు. త్రాడువలె సాగి ఉంగరము చుట్టబడిన బంక హెచ్చు; సాగి విఱిగిన గరప; ఉండయైనను కట్టని ఇసుక. పిదప మూడడుగుల లోతున సున్నపుగడ్డలున్నవో, గరుసున్నదో చూడుడు. పై నలుపు జానెడే యుండి క్రింద గరుసైనచో అది పేరునకే రేగడి. ఏ చేను ఎన్నడు పదునగునో, ఏ మూల చౌడు పొంగునో, ఏ గనిమ యడుగున గరుసున్నదో డైగ్లాటులో లేదు. మీ యెఱుకలో నున్నది. పట్టణముల కేగిన పిల్లలు పండుగకు వచ్చినపుడు వారిని చేనికి గొనిపోయి, ఆ యెఱుకను కూడ పట్టాతోబాటు వారి చేత పెట్టుడు.