పగలని గాజు పొయ్యెక్కిన వైనం

1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. తుంగభద్ర డ్యాం నుంచి కాలువలకు నీళ్లు వదిలిందీ ఆ ఏడాదే. అప్పట్లో ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో పొయ్యి అంటే కట్టెల పొయ్యే. పత్తి ఏరడం అయ్యాక చెట్లు పీకి, ఆ పత్తికట్టెను ఇంటి వెనక వామి వేసుకుంటే వంటచెరుకు దిగులు తీరేది. సరిగ్గా అదే సంవత్సరం అమెరికాలో, కార్నింగ్ గాజు కంపెనీ ప్రయోగశాలలో ఒక కొలిమి అదుపు తప్పింది.

అక్కడి శాస్త్రవేత్త డొనాల్డ్ స్టూకీ లిథియం కలిసిన గాజు పలకను 600 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడి చేయాలనుకున్నాడు. కంట్రోలరు మొరాయించి వేడి 900కు ఎగబాకింది. గాజు కరిగి ముద్దయి, కొలిమి కూడా పాడైపోయి ఉంటుందనుకుంటూ తలుపు తీశాడు. పలక ఆకారం చెక్కుచెదరలేదు. కాకపోతే తెల్లబడింది, వెలుగు అవతలికి పోవడం లేదు. పటకారుతో తీస్తుంటే జారి నేల మీద పడింది. పగల్లేదు సరికదా, ఖంగుమంది.

ఆ అదనపు వేడికి గాజు లోపలంతా కంటికి ఆనని స్ఫటికాలు పుట్టుకొచ్చాయి. మామూలు గాజులో పగులు ఒకచోట మొదలైతే ఆ కొసదాకా సాగిపోతుంది. ఇందులో దానికి అడుగడుగునా స్ఫటికాలు అడ్డు. గాజుకూ పింగాణీకీ మధ్యదైన ఈ పదార్థాన్ని కంపెనీ 1957లో పైరోసెరామ్ పేరుతో లోకానికి చూపింది. క్షిపణుల ముక్కు తొడుగులకు వాడారు, మరుసటి ఏడాది వంటగిన్నెలు చేసి అమ్మారు. అణగిమణగి ఉండాల్సిన కొలిమి తిరగబడితే ఇన్ని వచ్చాయి. స్టూకీ 99 ఏళ్లు బతికి 2014లో పోయాడు.

గిన్నె నుంచి పొయ్యి దాకా రావడానికి మరికొన్నేళ్లు పట్టింది. నున్నటి పలక కింద తీగ పెట్టిన పొయ్యిని 1966లో కార్నింగే తెచ్చింది. జర్మనీలోని షాట్ కంపెనీ 1971లో సెరాన్ పలక తెచ్చాక ఐరోపా వంటిళ్లకు అది అలవాటైంది. దీని కిటుకంతా ఒక్కటే: వేడెక్కినా ఈ పలక వ్యాకోచించదనే చెప్పాలి. స్ఫటికాలు వేడికి కాస్త ముడుచుకుంటాయి, వాటి మధ్య మిగిలిన గాజు కాస్త సాగుతుంది, ఒకదానికొకటి సరి. చుక్కల్ని చూసే పెద్ద దుర్భిణుల అద్దాలకు షాట్ వాడే జెరోడర్‌దీ ఇదే సూత్రం. ఆ అద్దమూ మన చారు మరిగే పలకా అన్నదమ్ముల బిడ్డలన్నమాట.

మన దగ్గర కరెంటు పొయ్యి అంటే చాలాకాలం హీటరే. మట్టి బిళ్ల గాడుల్లో చుట్టలు తిరిగిన తీగ ఎర్రగా కాలుతుండేది, స్టీలు గరిటె తగిలితే షాకు. 2012 సెప్టెంబరులో కేంద్రం సబ్సిడీ సిలిండర్లు ఏడాదికి ఆరే అనేసరికి జనం ఇండక్షన్ స్టవ్వుల మీద పడ్డారు. నల్లటి నున్నటి పలక అలా మన గట్టు మీదికొచ్చింది. రాష్ట్రంలో కరెంటు కోతలూ ఆ రోజుల్లోనే! ఇంకో మాట, గ్యాస్ స్టవ్వు మీదుండే అద్దం ఈ జాతిది కాదు. అది టఫెన్డ్ గాజు, దెబ్బ తగిలితే పొడిపొడి అవుతుంది.

ఇండక్షన్ పలక కింద రాగి చుట్ట ఉంటుంది. అందులోంచి పుట్టే అయస్కాంత క్షేత్రం గిన్నెనే వేడెక్కిస్తుంది, పలకకు తగిలేది గిన్నె వేడి. అందుకే అయస్కాంతం అంటని సిల్వర్ సర్వ పెడితే పలకదు, గుండ్రటి అడుగు కుదరదు. ఇనుప పెనం బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కానీ జొన్నరొట్టెను చివర్లో నిప్పుల మీద వేసి పొంగించే ముచ్చట తీరదు. ఉగ్గానికి ఏ లోటూ లేదు. పలక కింద తీగ ఎర్రగా కాలే ఇన్‌ఫ్రారెడ్ స్టవ్వు మీద అడుగు సమంగా ఉన్న ఏ గిన్నైనా పనికొస్తుంది, ఆపాక మాత్రం పలక చాలాసేపు కాలుతుంది.

వేడికి లొంగని ఈ పలక బెల్లానికి లొంగుతుంది. బొరుగుల ఉండలకు పాకం పడుతుంటే పొంగిందనుకోండి. చల్లారేటప్పుడు పాకం ముడుచుకుంటుంది, పలక ముడుచుకోదు. పట్టుకున్న పాకం పై పొరను పెళ్లగా లాక్కుని వస్తుంది, ఆ గుంత ఇక పూడదు. కాబట్టి పాకాన్ని వేడి మీదుండగానే తీయాలి: స్విచ్ ఆపి, చేతికి మందపాటి గుడ్డ చుట్టుకుని, బ్లేడు గీకుడుతో పక్కకు లాగేయాలి. మామూలు మరకలైతే చల్లారాకే. బోరు నీళ్ల తెల్లమచ్చలకు నిమ్మరసమో వెనిగరో రాసి తడిగుడ్డతో తుడిస్తే చాలు. బూడిద, ఇటుకపొడి, స్టీలు పీచు పొరపాటున కూడా వద్దు. గిన్నె అడుగున ఇసుక రేణువున్నా ఈడిస్తే గీత పడుతుంది, ఎత్తి పెట్టండి.

గీతలతో ఏళ్లు వాడుకోవచ్చు. చీలిక మాత్రం వెంట్రుకంత కనబడినా ఆ క్షణమే ప్లగ్ పీకేయండి. పొంగిన పాలు అందులోంచి కిందికి దిగితే అక్కడున్నది కరెంటు. టేపులతో, జిగురుతో సరిపెట్టకుండా పలక మార్పించండి.