ఒకే ట్యాంకు, రెండు గ్లాసులు

1995 జనవరి 15, ఆదివారం రాత్రి. సంక్రాంతి సందడి ఇంకా దిగలేదు. హబ్సిగూడ మెయిన్ రోడ్డు మీద వైన్స్ ముందు జనం స్కూటర్లతో సహా రోడ్డెక్కేశారు. తెల్లారితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతా సంపూర్ణ మద్యనిషేధం. షాపతను షట్టర్ సగానికి దించి, ఆ సందులోంచి సీసాలు అందిస్తున్నాడు. బ్రాండ్ అడిగే రోజులు ఆ పూటకి పోయాయి. డబ్బు ముందు లోపలికి, ఏది చేతికొస్తే అది బయటికి.

ఆ తోపులాటలో ఇద్దరు పక్కపక్కన నిలబడ్డారు. ఒకాయన ఉప్పల్ రోడ్డు మీది జాతీయ ప్రయోగశాలల్లో ఒకదాంట్లో కెమిస్టు. గుంటూరు నుంచి వచ్చి హబ్సిగూడలో ఇల్లు కట్టుకున్నాడు. రెండో మనిషి నాచారం పారిశ్రామికవాడలో మెషిన్ ఆపరేటర్. షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. వీళ్లకు పేర్లు పెట్టడం లేదు. ఆ రోజుల్లో ఈ రోడ్డు మీద తిరిగిన చాలామందిని కలిపి వీళ్లిద్దరినీ నిలబెట్టాను, వాళ్ల మాటలూ నేను అల్లినవే. వాళ్ల చుట్టూ జరిగింది మాత్రం చరిత్ర.

కెమిస్టుకు రెండు ఫుల్ బాటిళ్లు దొరికాయి. ఆపరేటర్‌కు ఒక క్వార్టర్. రోడ్డు దాటి మూసేసిన టీ కొట్టు బల్ల మీద కూర్చున్నారు.

“ఏమయ్యా, నువ్వు అప్పట్లో ప్యాకెట్లో తాగిన సారా, నేను తాగే ఈ విస్కీ ఒకే ట్యాంకులోంచి వచ్చినవే, తెలుసా?”

ఆపరేటర్ నవ్వాడు. నవ్వి అడిగాడు. “మరి మాది ఏడాది కిందనే బంద్ వెట్టిండ్రు. మీది గిప్పుడు బంద్ వెడుతుండ్రు. గట్లెందుకు సారూ?”

కెమిస్టు మొదటి మాటకు కెమిస్ట్రీలో జవాబుంది. రెండో మనిషి ప్రశ్నకు అందులో లేదు.

చెరుకు రసం మరిగించి చక్కెర తీశాక మిగిలే నల్లటి చిక్కటి పాకమే మొలాసిస్. బోధన్‌లో నిజాం కాలం నాటి చక్కెర ఫ్యాక్టరీ మొదలుకుని కృష్ణా, గోదావరి జిల్లాల మిల్లుల దాకా అందరి దగ్గరా అది పేరుకుపోయేది. దాన్ని నీళ్లతో పలచన చేసి ఈస్టు కలిపితే పులుస్తుంది, పులిసినదాన్ని బట్టీ పడితే స్పిరిట్ వస్తుంది. టన్ను మొలాసిస్‌కు ఇంచుమించు 220 నుంచి 250 లీటర్లు. ఆ స్పిరిట్‌లో నీళ్లు కలిపి ప్లాస్టిక్ ప్యాకెట్లో నింపితే సారా. దాన్నే ఇంకోసారి శుద్ధి చేసి, కాల్చిన చక్కెరతో రంగు తెచ్చి, వాసన ద్రవ్యాలో కాస్త మాల్ట్ స్పిరిటో కలిపి, 42.8 శాతం బలానికి దించి సీసాలో పోస్తే ‘ఇండియన్ మేడ్ ఫారిన్ లిక్కర్’. లేబుల్ మీద విస్కీ అని రాస్తే విస్కీ, బ్రాందీ అని రాస్తే బ్రాందీ. ఇలా మొలాసిస్‌తో చేసిన సరుకును విస్కీ పేరుతో అమ్మడానికి యూరప్ చట్టం ఇప్పటికీ ఒప్పుకోదు. విస్కీ అంటే ధాన్యంతోనే చెయ్యాలి అంటుంది. ఈ విషయంలో వాళ్లదే న్యాయం అనిపిస్తుంది నాకు.

ఆపరేటర్ ప్రశ్నకు జవాబు కావాలంటే నెల్లూరు జిల్లా వెళ్లాలి.

ఎన్టీ రామారావు మొదటిసారి ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో ‘వారుణి వాహిని’ పేరుతో ప్రభుత్వ సారా ప్యాకెట్లలో పల్లెపల్లెకూ చేరింది. 1986లో ఏర్పడ్డ రాష్ట్ర బెవరేజెస్ కార్పొరేషన్ మద్యం టోకు వ్యాపారాన్ని చేతుల్లోకి తీసుకుంది. తాగునీళ్లు రాని ఊరికి కూడా సారా జీపు వేళకు వచ్చేది. కలిగిరి మండలం దూబగుంటలో రాత్రిబడికి వెళ్లిన ఆడవాళ్ల ముందు అక్షరాస్యత పుస్తకంలో ఒక పాఠం పెట్టారు. సారా వల్ల చితికిపోయిన ఇంటి కథ. అది తమ ఇంటి కథే అని వాళ్లకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేకపోయింది. వర్ధినేని రోశమ్మ, జనం నోట్లో దూబగుంట రోశమ్మ, ముందు నిలబడింది. ఊళ్లో సారా దుకాణం మూయించారు. పక్క ఊరు అందుకుంది. 1992లో నెల్లూరులో సారా వేలం పెట్టబోతే ఆడవాళ్లు గుంపులుగా వచ్చి అడ్డం కూర్చున్నారు. వేలం వాయిదా, మళ్లీ వాయిదా. ‘ఈనాడు’ ‘సారాపై సమరం’ అంటూ ప్రత్యేక పేజీ నడిపింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1న రాష్ట్రమంతటా కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం సారా నిషేధించింది.

సారా మాత్రమే. విస్కీ జోలికి పోలేదు. కూలివాడి మందు పోయింది, ఆఫీసరు మందు షోకేసులోనే ఉంది. నాచారం మనిషి అడిగింది దీని గురించే.

ఆ తేడా చెరిపేసింది ఎవరో కాదు, మళ్లీ ఎన్టీఆరే. 294 సీట్లకు 216 గెలిచి, 1994 డిసెంబర్ 12న లాల్ బహదూర్ స్టేడియంలో ప్రమాణ స్వీకారం చేసి, ఆ వేదిక మీదే మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. ఒకనాడు సారా ప్యాకెట్లు పంపిన ప్రభుత్వాధినేతే ఈ సంతకమూ పెట్టాడన్నది సినిమా కథలో రాస్తే నమ్మరు. స్టేడియంలో ఆడవాళ్ల చప్పట్లు. హబ్సిగూడలో టీవీ ముందు కూర్చున్న మగవాళ్లు మాత్రం క్యాలెండర్ వైపు చూశారు. జనవరి 16 దాకా గడువు.

ఆ తర్వాతి నెలలు ఇద్దరికీ ఒక్కలా గడవలేదు.

మొదట్లో నాచారం ఆపరేటర్ ఇంట్లో పండగే. “రామారావు కడుపు సల్లగుండ, జీతం కవరు చినగకుండ ఇంటికొస్తున్నది” అని అతని భార్య బస్తీ అంతా చెప్పుకుంది. బాకీ తీరింది, పిల్ల చెవులకు కమ్మలొచ్చాయి. ఈ భాగం నిషేధం గురించి వెక్కిరిస్తూ మాట్లాడేవాళ్లు దాటేస్తారు. దాటెయ్యకూడదు. కొన్నాళ్లకు గుడుంబా వచ్చింది. నల్లబెల్లం, నవసారం, ఏ వీధి చివరో కాచిన బట్టీ. ధూల్‌పేట పేరు నగరమంతా మోగింది. సైకిల్ ట్యూబుల్లో, ప్లాస్టిక్ కవర్లలో చేతులు మారేది. తాగినవాడికి దానిలో ఏముందో తెలియదు, కాచినవాడికీ పూర్తిగా తెలియదు.

కెమిస్టు ఇంట్లో కథ వేరు. శనివారం పొద్దున్నే నలుగురు మిత్రులు ఒక కారులో కర్ణాటకలోని బీదర్‌కు. ఇంట్లో చెప్పే మాట గురుద్వారా దర్శనం. అక్కడి నానక్ ఝీరా గురుద్వారాలో నిజంగానే దండం పెట్టుకునేవాళ్లు, ఆ తర్వాతే బజారు. కోస్తావాళ్లకు యానాం దగ్గర. కాకినాడ పక్కనే ఉన్నా పుదుచ్చేరి కిందికి వస్తుంది కాబట్టి అక్కడ మన చట్టం చెల్లదు. ఆదిలాబాద్ వాళ్లకు మహారాష్ట్ర, అనంతపురం వాళ్లకు బళ్లారి. కారు ఉన్నవాడికి మద్యనిషేధం 140 కిలోమీటర్ల పెట్రోలు ఖర్చు. లేనివాడికి గుడుంబా.

అమెరికాలోనూ ఇంతే జరిగింది. 1920 నుంచి 1933 దాకా అక్కడ నిషేధం ఉన్నప్పుడు డాక్టరు చీటీ మీద పది రోజులకొక పింట్ విస్కీ మందుల షాపులోనే ఇచ్చేవారు. చీటీకి డాక్టరు ఫీజు, షాపులో ధర. డబ్బున్న రోగులకు కొదవలేదు.

కెమిస్టు బీరువాలో బట్టల వెనక ఒక స్కాచ్ సీసా ఉండేది. విదేశీ సదస్సుకు వెళ్లొచ్చినప్పుడు ఎయిర్‌పోర్టులో కొన్నది. లేబుల్ అంచున పెన్సిల్‌తో సన్నటి గీతలు, గీత పక్కన తేదీ. తాగిన ప్రతిసారీ ఒక గీత. బయట చుక్క దొరకని కాలంలో గీతకూ గీతకూ దూరం వేలి గోరంత కూడా ఉండేది కాదు. తాగడం తగ్గి చూడడం పెరిగింది. గ్లాసులో పోసి, రెండు చుక్కలు నీళ్లు వేసి, ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చునేవాడు. తడి కట్టె పొగ వాసన, ఎండుద్రాక్ష, పాత చెక్క పెట్టె. వారానికి మూడు పెగ్గులు సోడాలో ముంచి దింపిన రోజుల్లో అతనికి ఇవేవీ తగల్లేదు. నిషేధం పుణ్యమా అని విస్కీ తాగడం నేర్చుకున్న కొద్దిమందిలో అతనొకడు.

ఆ సీసాలోది బార్లీ. గింజను నానబెట్టి మొలకెత్తిస్తారు, అదే మాల్ట్. కొన్నిచోట్ల దాన్ని పీట్ అనే బురద మట్టి పొగ మీద ఆరబెడతారు. రాగి పాత్రల్లో రెండుసార్లు బట్టీ పడతారు. ఓక్ పీపాలో కనీసం మూడేళ్లు ఉంటే గాని బ్రిటన్ చట్టం దానికి విస్కీ అని పేరు పెట్టనివ్వదు. స్కాట్లండ్ లెక్కల్లో దీని జాడ 1494 నాటిది. జాన్ కార్ అనే సన్యాసికి మద్యం కాచేందుకు ఎనిమిది కొలతల మాల్ట్ ఇచ్చినట్టు రాజు గారి ఖాతాలో ఉంది. ఆ తర్వాత పన్ను పడ్డప్పటి నుంచి చరిత్రంతా వసూలు చేసేవాడికీ ఎగ్గొట్టేవాడికీ మధ్య దాగుడుమూతలే. 1823లో పన్ను తగ్గించి చట్టం మారిస్తే, మరుసటేడు గ్లెన్‌లివెట్ లోయలో జార్జ్ స్మిత్ లైసెన్సు తీసుకున్నాడు. దొంగసారా కాచే ఇరుగుపొరుగువాళ్లు చంపేస్తామన్నారు. అతను మొలలో రెండు పిస్తోళ్లు పెట్టుకుని తిరిగాడు. ధూల్‌పేటలో లైసెన్సు తీసుకున్నవాడికీ అదే గతి పట్టేదేమో.

పీపాలోంచి ఏటా కొంత ఆవిరైపోతుంది. దేవతల వాటా అంటారు. స్కాట్లండ్ చలిలో ఆ వాటా 2 శాతం. బెంగళూరులో అది పది శాతం దాటుతుంది. ఎండకు పీపా త్వరగా పండుతుంది, త్వరగా ఖాళీ అవుతుంది. రాధాకృష్ణారావు జగ్దాళే 1948లో బెంగళూరులో పెట్టిన అమృత్ డిస్టిలరీస్ ఈ ఎండనే పెట్టుబడిగా చేసుకుంది. ఉత్తరాది బార్లీతో చేసిన సింగిల్ మాల్ట్‌ను 2004లో తీసుకెళ్లి విస్కీ పుట్టింట్లోనే, గ్లాస్గోలో, మొదట అమ్మకానికి పెట్టింది. ఇండియా సరుకంటే మొహం తిప్పుకున్న తెల్లవాళ్లు పేరు చెప్పకుండా రుచి చూపిస్తే మెచ్చుకున్నారు. 2010లో జిమ్ మర్రే తన ‘విస్కీ బైబిల్’లో అమృత్ ఫ్యూజన్‌కు ప్రపంచంలో మూడో స్థానం ఇచ్చాడు. దక్కన్ పీఠభూమి ఎండ విస్కీకి పనికొస్తుందని తేలిపోయింది. అదే ఎండ హైదరాబాద్‌లోనూ ఉంది. మనవాళ్లకు మాత్రం ట్యాంకు, రంగు, లేబుల్ చాలనిపించింది.

తిరిగి మన కథకు. 1995 సెప్టెంబర్ 1న ఎన్టీఆర్ స్థానంలో చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రి అయ్యారు. నిషేధం మొదలై ఏడాదీ రెండు రోజులు గడిచాక, 1996 జనవరి 18న ఎన్టీఆర్ కన్నుమూశారు. అప్పటికే ఖజానా కళ్లు తేలేసింది. సరిహద్దు జిల్లాల్లో పక్క రాష్ట్రాల వైన్ షాపులు మాత్రం కళకళలాడుతున్నాయి. 1997 ఏప్రిల్ 1 నుంచి నిషేధం ఎత్తేశారు. ఏప్రిల్ ఒకటి కదా, ఎవడో ఆటపట్టిస్తున్నాడని నమ్మనివాళ్లూ ఉన్నారు.

హబ్సిగూడలో షట్టర్ ఈసారి పూర్తిగా పైకి లేచింది. కెమిస్టు వెళ్లి ఒక హాఫ్ కొన్నాడు. ఇంటికి తెచ్చి ఒక గుక్క వేసి పక్కన పెట్టేశాడు. పెన్సిల్ గీతల సీసా చేసిన పని అది. భార్య కాఫీ తెచ్చి, “ఇక బీదర్ గురుద్వారాకి వెళ్లరా?” అంది.

నాచారం ఇంట్లో నవ్వులు లేవు. జీతం కవరు మళ్లీ చినగడం మొదలైంది. ఇక్కడొక విషయం చాలామంది గమనించలేదు. ఏప్రిల్‌లో తిరిగొచ్చింది విస్కీ, బ్రాందీ, రమ్ము, బీరు. సారా రాలేదు. దూబగుంట ఆడవాళ్లు సాధించిన ఆ ఒక్క జీవో అలాగే నిలబడిపోయింది, ఈనాటికీ ఉంది. సారా మళ్లీ పెట్టే ధైర్యం ఏ ప్రభుత్వానికీ లేకపోయింది. 2015లో తెలంగాణలో గుడుంబాను అరికట్టడానికంటూ చౌక మద్యం తెస్తామన్నా, గొడవ లేచి వెనక్కి తగ్గారు.

మరి కూలిమనిషి ఏం తాగాలి? విస్కీయే. 1988లో వచ్చిన ఆఫీసర్స్ ఛాయిస్ లాంటి చవక బ్రాండ్లు ఇప్పుడు దేశంలోనే కోట్ల పెట్టెలు అమ్ముడుపోయే సరుకు. పేరులో ఆఫీసరు, చేతిలో మేస్త్రీ. కాల్చిన చక్కెర రంగు పూసుకున్నాక ప్యాకెట్ సారా క్వార్టర్ సీసాలోకి మారింది, ధర పెరిగింది, మర్యాద వచ్చింది. యునైటెడ్ స్పిరిట్స్ వాళ్ల ప్లాంటు ఒకటి ఇప్పుడు నాచారంలోనే ఉంది. ఆ కంపెనీ మూలం వెతికితే 1826లో మద్రాసులో యాంగస్ మెక్‌డొవెల్ పెట్టిన వ్యాపారం దాకా వెళ్తుంది. తెల్లదొరల కోసం మొదలైన పేరు నాచారం లారీలెక్కి బస్తీలకు చేరుతోంది.

ఆపరేటర్ రిటైరయ్యాడు. క్వార్టర్ మానలేదు. 2023 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం 2,620 వైన్ షాపులకు దరఖాస్తులు పిలిస్తే లక్షా ముప్పై వేలకు పైగా వచ్చాయి. దరఖాస్తుకు 2 లక్షలు, లాటరీ తగిలినా తగలకపోయినా తిరిగిరాదు. ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు 2,600 కోట్ల రూపాయలు దాటి చేరాయి. ఆపరేటర్ కొడుకు నలుగురు దోస్తులతో కలిసి అందులో ఒక దరఖాస్తు వేశాడు. షాపు రాలేదు. చిట్టీ ఎత్తి కట్టిన డబ్బు, వాయిదాలు ఇంకా నడుస్తున్నాయి.