చెరిపేయగలిగే పూత

అజంతా గుహలు ఒకప్పుడు నిజాం రాజ్యంలో ఉండేవి. 1920లో నిజాం ప్రభుత్వం ఇటలీ నుంచి లొరెంజో చెక్కోనీ అనే నిపుణుణ్ణి పిలిపించింది. ఊడిపోతున్న బొమ్మల్ని అతికించి, పైన లక్కతో చేసే షెల్లాక్ పూశారు. మంచి ఉద్దేశమే! కానీ పోనుపోనూ ఆ పూతే నల్లబడి రంగుల్ని కప్పేసింది. దాన్ని వదిలించడానికి తర్వాతివాళ్ళు నానా తంటాలూ పడ్డారు.

సరిగ్గా ఇలాంటి చిక్కుల మీదే జీవితమంతా పనిచేశాడు రాబర్ట్ ఫెల్లర్ (1919-2018). రట్గర్స్‌లో రసాయనశాస్త్రంలో డాక్టరేట్ చేసి, 1950లో పిట్స్‌బర్గ్‌లోని మెలన్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, వార్నిష్‌ల పరిశోధనకి దిగాడు. అప్పటికి కృత్రిమ పాలిమర్లు కొత్త. తెల్లగా ఉంటాయి, పసుపెక్కవు, ఇంకేం కావాలి అనుకునేవాళ్ళు. ఫెల్లర్ వాటిని తీవ్రమైన వెలుతురులో పెట్టి చూశాడు. బ్యూటైల్ మెథాక్రిలేట్ లాంటివి రంగు మారకపోయినా, లోపల అణువుల గొలుసులు ఒకదానికొకటి ముడిపడిపోయి, ద్రావణుల్లో కరగడం మానేస్తున్నాయి. అంటే రేపు ఆ పూత తీయాలంటే బొమ్మకే ముప్పన్నమాట. పారలాయిడ్ బి-72 మాత్రం కరిగే గుణాన్ని నిలబెట్టుకుంది. మ్యూజియంలలో ఇవాళ్టికీ అదే వాడుతున్నారు.

పూత ఎంత బాగుందన్నది కాదు, తీస్తే వస్తుందా అన్నదే ఆయన ప్రశ్న. రోల్‌బ్యాక్ లేకుండా రిలీజ్ చెయ్యాలంటే మా ప్రోగ్రామర్లకే గుండె దడ. మరి పదిహేనువందల ఏళ్ళ బొమ్మకి బ్యాకప్ ఎక్కడుంటుంది?