గుడి ముందా, సేద్యము ముందా?

మానవుడు మొదట వేటాడి, కందమూలములు త్రవ్వికొని తిరుగుచుండెననియు, పిదప సేద్యము నేర్చి, గాదెలు నిండి తీరిక చిక్కిన తరువాతనే గుడి కట్టెననియు పండితులు చిరకాలము చెప్పుచు వచ్చిరి. ఈ వరుసను కలతపెట్టిన దిబ్బ యొకటి టర్కీదేశపు ఆగ్నేయభాగమున, ఉర్ఫా పట్టణమునకు సమీపమున గలదు. దాని పేరు గోబెక్లి తెపె. బొజ్జదిబ్బ యని యర్థము.

1963లో దానిని చూచిన పరిశోధకులు పైకి తేలిన రాతిపలకలను మధ్యయుగపు సమాధులని తలచి విడిచిపోయిరి. 1995లో క్లౌస్ ష్మిట్ అను జర్మను పురాతత్త్వవేత్త త్రవ్వకములు మొదలుపెట్టగా, గుండ్రని కట్టడములును, వాని నడుమ జంటగా నిలిచిన రాతిస్తంభములును బయల్పడినవి. కొన్ని 18 అడుగుల యెత్తు గలవి. వానిపై నక్కలు, పాములు, అడవిపందులు, రాబందులు చెక్కబడియున్నవి. కొన్నింటికి చేతులును, మొలకట్టును గలవు. మొగము మాత్రము లేదు. వీని వయస్సు సుమారు 11,000 సంవత్సరములు. అప్పటికి కుండ లేదు, లోహము లేదు, బండిచక్రము లేదు. అచ్చట దొరకిన యెముకలు లేళ్లు మొదలగు అడవిమృగములవి. గింజలు విత్తకయే పెరిగిన అడవిధాన్యములవి.

కావున ష్మిట్ పండితుడు పాతవరుసను తలక్రిందులు చేసెను. గుడి కట్టుటకై గుమిగూడిన జనమునకు తిండి చాలకయే సేద్యము పుట్టెనని యాతని వాదము. సాగుగోధుమలలో నొకదానికి ఆ సీమలోని కరజదా కొండల యడవిగోధుమయే మూలమని 1997లో జన్యుపరిశోధకులు చూపుటయు దీనికి బలమిచ్చెను.

అయితే శోధన అంతటితో నాగలేదు. 2014లో ష్మిట్ మరణించిన పిదప నివాసగృహముల గుర్తులును, వాననీటిని నిలువచేసిన తొట్లును కానవచ్చినవి; గింజలు నూరుకొను రాళ్లు వేలకొలదిగా లెక్కకెక్కినవి. అది యేటికొకసారి వచ్చిపోవు యాత్రాస్థలము మాత్రమే కాదు, జనులు కాపురమున్న చోటు. పొయ్యియు పూజయు ఒక్క తావుననే పెరిగినవి. ఏది ముందను ప్రశ్నకే పట్టు సడలినది.

దీనివలన మనము గ్రహింపదగిన దేమి? అట్టి రాళ్లు పెక్కుచేతులు కలియక కదలవు. రాజులుండిరనుటకు ఆనవాలైన లేని కాలమున వేటగాండ్రే వానిని నిలిపిరి. అడవిమనుష్యులను అనాగరకులని యీసడించుటకు మన కధికారము లేదు. మరియు, దాదాపు 1,500 సంవత్సరములు సాగిన ఆ యాచారమును వారి సంతతివారే కడకు విడిచిరి. ఆ మొగములేని మూర్తుల పేర్లు నేడెవ్వరికిని తెలియవు. ఏ యాచారమునైనను అనాది యనుటకు ముందు, దానిని కట్టిన చేతులు మనుష్యులవే యని తలపవలెను. కట్టినవారికి మార్చుకొను హక్కును గలదు.