ప్రేమకు బదులు: జపానీయుల మారు కానుకలు

కానుక నిచ్చుట ఎంత ప్రాచీనమైనదో, దానికి బదులిచ్చుటయు అంత ప్రాచీనమైనది. ఇచ్చుట, పుచ్చుకొనుట, తిరిగి ఇచ్చుట అను మూడును మానవసమాజమున విధులేయని ఫ్రెంచి పండితుడు మార్సెల్ మోస్ 1925లో వెలువడిన తన వ్యాసమున నిరూపింప యత్నించెను. కాని ఋణము తీర్చుట వేరు, ప్రేమకు బదులు చెప్పుట వేరు. ఋణమునకు కొలత గలదు, ప్రేమకు లేదు. ఈ రెండును ఒకే మిఠాయి పెట్టెలో అందినప్పుడు ఏమగునో తెలియవలెనన్న జపాను దేశపు ఆచారములను పరిశీలింపవలెను.

నేడు ఆ దేశమున ఫిబ్రవరి 14వ తేదీన స్త్రీలు పురుషులకు చాక్లెట్లు ఇత్తురు. సరిగా నెల గడచిన పిమ్మట, మార్చి 14వ తేదీన, పురుషులు మారు కానుకలిత్తురు. ఈ రెండవ పర్వమునకు 'వైట్ డే', అనగా శ్వేతదినమని పేరు. ఇది పాశ్చాత్యుల నుండి వచ్చినది కాదు, జపానులోనే పుట్టినది. వయస్సునుబట్టి చూచిన అర్ధశతాబ్దము కూడ నిండనిది. అయినను దాని వేళ్లు మిక్కిలి లోతునకు పోయినవి.

క్రీ.శ. 712లో సంకలితమైన 'కొజికి' గ్రంథమున సృష్టికథ యొకటి కలదు. ఇజనగి, ఇజనమి అను దేవదంపతులు ఒక స్తంభమును చుట్టి వచ్చి ఎదురుపడినప్పుడు, ముందుగా స్త్రీ పలుకరించినది. ఆ కారణముచేతనే వారి తొలి సంతానము వికలమైనదట. వారు మరల స్తంభమును చుట్టివచ్చి, ఈసారి పురుషుడు ముందు పలుకగా, కార్యము సఫలమైనదట. ప్రేమ విషయమున ముందు నోరు విప్పుట స్త్రీకి తగదన్న భావము జపాను వాఙ్మయపు మొదటి పుటలలోనే ఇట్లు నిలిచియున్నది.

ముందు పలుకుట తగదన్నను, బదులు పలుకుట మాత్రము స్త్రీకి గొప్ప కళగా పరిణమించినది. ఎనిమిదవ శతాబ్దమున కూర్చబడిన 'మన్యోషూ' సంకలనమున సుమారు 4,500 పద్యములు కలవు; వానిలో పరస్పర సంభాషణరూపమైన 'సోమొన్' అనునది ఒక ముఖ్యవిభాగము. ప్రేమపద్యములలో పెక్కింటికి ఇదియే స్థానము. హెయియన్ యుగపు రాజాస్థానమున ప్రియురాలి యింట రాత్రి గడపిన పురుషుడు వేకువనే ఇల్లు చేరి లేఖ పంపవలెను. ఆ లేఖ ఎంత త్వరగా వచ్చిన అంత అనురాగమని యెంచెడివారు. ఆలస్యమైన ఆమె గుండె జారెడిది. ఆమె ప్రతిపద్యము వ్రాయవలెను. కాగితపు వన్నె, వ్రాత తీరు, లేఖకు కట్టిన పూరెమ్మ, అన్నియు విమర్శకు గురియగుచుండెను. పదునొకండవ శతాబ్దారంభమున మురసకి షికిబు రచించిన 'గెంజి కథ' ఇట్టి లేఖలతో నిండియున్నది. ఆనాటి ప్రేమకు మారు కానుక పద్యమే.

ప్రేమకు సంబంధింపని కానుకల లోకమొకటి దీని ప్రక్కనే పెరిగినది. లోకసంబంధములయందు ఒకరికొకరు చెల్లింపవలసిన బాధ్యతను జపానీయులు 'గిరి' అందురు. ఎవరైన మరణించినప్పుడు బంధుమిత్రులు ద్రవ్యము తెచ్చియిత్తురు. దుఃఖములోనున్న కుటుంబము తరువాత అందులో ఇంచుమించు సగము విలువగల వస్తువును తిరిగి పంపును. ఈ సగపు బదులునకు 'హంగాయెషి' అని పేరు. వేసవి నడుమను, సంవత్సరాంతమునను కానుకలు పంపుట మరియొక నియమము. పొరుగువారు పంపిన పాత్రను ఖాళీగా తిరిగి ఇయ్యరాదన్న మర్యాద మన యిండ్లలోవలెనే అక్కడను కలదు. ఏమియు లేకున్న ఒక కాగితపు ముక్కనైన, అగ్గిపెట్టెనైన అందుంచి పంపెడివారు.

ఇట్టి దేశమునకు పరాయి పండుగ యొకటి వర్తకుల వెంట వచ్చినది. కోబె నగరమందలి మొరొజోఫ్ అను మిఠాయి సంస్థ 1936లో ఒక ఆంగ్లపత్రికయందు వాలెంటైన్ దినమునకై చాక్లెట్ల ప్రకటన వేయించినది. అది విదేశీయులనుద్దేశించినది. తరువాత 1958లో మేరీ చాక్లెట్ సంస్థ టోక్యోలోని ఇసెతాన్ విక్రయశాలలో ఈ పేర అమ్మకము పెట్టినది. మూడు దినములలో వచ్చినది 170 యెన్‌లు మాత్రమేనని చెప్పుదురు. మరుసటి ఏడు ఆ సంస్థ హృదయాకారపు చాక్లెట్లు చేయించి, ఏడాదికొకమారు స్త్రీయే తన ప్రేమను తెలుపవచ్చునని ప్రచారము చేసినది. 1970ల దశకమున బడిపిల్లలు మొదలుగా యువతులందరును దీనిని స్వీకరించిరి. వర్తకుని ఎత్తుగడయే కావచ్చును. కాని కొజికి నాటినుండి కాదన్నదానిని, సంవత్సరములో ఒక్కదినమైనను, అది ఔననినది.

పలికినదానికి బదులు రావలెను గదా! 1977లో ఫుకువొకా నగరమందలి ఇషిమురా మన్సెయిదో అను ప్రాచీన మిఠాయి సంస్థ మార్చి 14ను మార్ష్‌మెలో దినముగా జరుపుటకు సంకల్పించినది. చాక్లెట్టు ఇచ్చినవారికి బదులేమియు రాకుండుట అన్యాయమని యొక స్త్రీ పత్రికకు వ్రాసిన లేఖయే ఇందుకు మూలమని ఆ సంస్థ చెప్పుకొనును. 1980లో దేశమందలి మిఠాయి తయారీదారుల సహకారసంఘము దీనిని వైట్ డే పేర వ్యాపింపజేసినది. తెలుపు చక్కెర వన్నె. అటుపిమ్మట ఆచారము కొరియాకును, తైవానుకును ప్రాకినది.

కాని బదులు ఆచారమైనతోడనే కొలతయు వచ్చినది. చావింటి కానుకకు సగమైనచో, చాక్లెట్టుకు మూడింతలు తగునను మాట పుట్టినది. కార్యాలయములలో పనిచేయు స్త్రీలు తోటి పురుషోద్యోగులందరికి చాక్లెట్లు పంచవలసి వచ్చినది. దీనికి 'గిరి చాక్లెట్టు' అని పేరు. నిజముగా ప్రేమించినవానికి ఇచ్చునది 'హొన్మెయ్', అనగా అసలు చాక్లెట్టు. రెంటికిని వేర్వేరు పేర్లు పెట్టుటలోనే ప్రజల మనస్సు తెలియుచున్నది: ఋణమును ప్రేమతో కలుపుట వారికి సమ్మతము కాదు. స్త్రీకి దొరికిన స్వాతంత్ర్యము ఆమె జీతమునుండి చెల్లింపవలసిన పన్నుగా మారినది. 2018 ఫిబ్రవరిలో గొడైవా అను చాక్లెట్టు సంస్థయే, గిరి చాక్లెట్లు మానుడని నిహొన్ కెయిజాయ్ పత్రికలో పెద్ద ప్రకటన వేసినది. అమ్మువాడే కొనవలదని చెప్పవలసివచ్చుట గమనింపదగినది. నేడు స్నేహితురాండ్రు ఒకరికొకరు ఇచ్చుకొనుటయు, తమకు తాము కొనుక్కొనుటయు కలదు.

కానుకకు బదులు కోరుట దోషము కాదు. పత్రికకు వ్రాసిన ఆ స్త్రీ మూడింతలు అడుగలేదు. తన మాట చెవిని పడినదను గుర్తునొకదానిని అడిగినది. హెయియన్ యువతి వేకువలేఖకై ఎదురుచూచినదియు అందుకే. పద్యమునకు సగము పద్యమును, మూడింతలు పద్యమును ఎవరును లెక్కగట్టలేదు. మార్చి 14వ తేదీన చిన్న పెట్టెను చేతనందుకొను యువతి ముందు దాని వెలను గాక, అందలి చీటీపై వ్రాతను చూచునంతకాలము ఆ పాత సంప్రదాయము జీవించియున్నట్లే.